కంటికి పెట్టకూడని బొట్టు

నేను ఒక మైక్రోస్కోపుని. బడిలో ఉల్లిపొర కింద పెట్టి, ఒక కన్ను మూసి మీరు చూసిన గొట్టం కాదు. వాడు నాకు దూరపు చుట్టం, మా మధ్య రాకపోకలు లేవు. ఏదైనా సరే కోసి, రంగు పూసి, గాజుపలక మీద పరిచి పెడితే తప్ప వాడు చూడడు. నేను బతికున్న మనిషి కంట్లోకి చూస్తాను. ఆ మనిషి ఎదురుగా కూర్చుని, ఊపిరి తీస్తూ, పొయ్యి మీద పాలు దించానో లేదో అని లోలోపల మథనపడుతూ ఉండగానే చూస్తాను. నల్లగుడ్డు మీద అద్దంలా మెరిసే పొర ఉంటుంది కదా, ఆస్పత్రిలో దాన్ని కార్నియా అంటారు. దాన్ని గీయకుండా, కొయ్యకుండా, అందులో ఒక్కో కణం ఎలా ఉందో తెర మీద చూపించడం నా పని.

పుట్టింది చలిదేశంలో. నన్ను చేసినవాళ్ళు తలకు టోపీ, చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ కట్టుకుని పనిచేసేవారు. తుమ్మొస్తే గది బయటికి పరిగెత్తేవారు. ఒక్క దుమ్ము రేణువు నా లెన్సు మీద పడితే నలుగురూ చేరి, ఇది ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు రానిచ్చారు అని పంచాయితీ పెట్టేవారు. అంత గారాబంగా పెంచి, చివరికి చెక్కపెట్టెలో కుక్కి, మేకులు కొట్టి, ఓడెక్కించారు. చెన్నై రేవులో దిగాక గుంటూరుకు లారీలో తెచ్చారు. ఆ లారీ నిండా తిరుగు ప్రయాణంలో ఉన్న ఖాళీ మిరప గోతాలు. దారి పొడుగునా తుమ్ముతూనే ఉన్నాను. నాకు ముక్కు లేదు కాబట్టి ఎవరికీ వినపడలేదు.

ఆస్పత్రి గుమ్మంలో నాకు కొబ్బరికాయ కొట్టారు. బల్ల చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. నేను ఎక్కడికీ ప్రయాణం కట్టే రకం కాదని చెబుదామంటే నోరు లేదు. నాకున్నది కన్ను ఒక్కటే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత నా కష్టమంతా దీనివల్లే వచ్చింది.

ఆ ఆస్పత్రి డాక్టర్ హైమవతి గారిది. యాభై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉంటుంది. నా లెన్సు మీద ఈగ వాలితే ఈగకు నోటీసు ఇచ్చే రకం. ఆవిడ తప్ప నన్ను ఎవరూ తుడవకూడదు. టెక్నీషియన్ బాజీ నన్ను ఆన్ చేయొచ్చు, ఆపొచ్చు, దుప్పటి కప్పొచ్చు. లెన్సు జోలికి మాత్రం పోకూడదు. మూడోవాడు డాక్టర్ ప్రణీత్. చదువు పూర్తిచేసి కొత్తగా చేరాడు. తెలివైనవాడు, పనిమంతుడు. ఒక్కటే లోపం. అరుదైన జబ్బు ఏదైనా తన చేతిలో పడకపోతుందా అని పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఎదురుచూసేవాడు.

నా దగ్గర కూర్చున్నవాళ్ళకు గడ్డం ఒక గిన్నెలో, నుదురు ఒక పట్టీకి ఆనించి పెడతారు. కంట్లో మొద్దుబారే చుక్క వేస్తారు. నా మూతికి కొత్త తొడుగు తొడిగి, దాని మీద ట్యూబులోంచి బొటనవేలి గోరంత జెల్ పిండుతారు. అప్పుడు నేను మెల్లగా ముందుకు జరిగి ఆ జెల్ చెంపతో కంటిని తాకుతాను. అందరూ ఊపిరి బిగబడతారు. ఊళ్ళు ఏలేవాళ్ళు కూడా ఆ క్షణంలో పక్కనున్నవాళ్ళ చెయ్యి పట్టుకుంటారు.

మీరు కళ్ళ గురించి చాలా మాటలు చెప్పుకుంటారు. తామరలనీ చేపలనీ ఏవేవో అంటారు. నాకు ఆ తేడాలేవీ తెలియవు. పైన పలకరాళ్ళు పరిచినట్టు కణాలు, వాటి కింద సన్నటి దారాల్లా నరాలు, ఇంకా లోతుకు వెళ్తే చీకట్లో అక్కడక్కడా మెరిసే చుక్కలు, అట్టడుగున ఆరు మూలల గదులు. ఎవరిని కూర్చోబెట్టినా అంతే. ఆ అట్టడుగు గదులు ఒకసారి పోతే మళ్ళీ పుట్టవు. ఒక పత్తి వ్యాపారికి ఈ ముక్క చెప్పి, ఆయన గదుల ఫోటో చూపిస్తే, ఆయన కాసేపు ఆలోచించి, తన గోడౌన్ కాపలావాడికి ఇంతకంటే ఎక్కువ ఉన్నాయా అని అడిగాడు. ఉన్నాయి. బాజీ చెప్పలేదు, నేను చెప్పలేను, ఆయన సంతోషంగా ఇంటికెళ్ళాడు.

ఇక అసలు కథకు వస్తాను.

దసరాకు ఆయుధపూజ. కత్తెరలకు, పటకారులకు, ఆపరేషన్ బల్లకు, అంబులెన్సుకు, చివరికి బాత్రూము మోటారుకు కూడా పసుపూ కుంకుమా పెట్టారు. నా వంతు వచ్చింది. బాజీ బంతిపూల దండ వేశాడు. హైమవతి గారు పసుపు గిన్నె పట్టుకుని నా ముందు నిలబడి ఆగిపోయింది. లెన్సు మీద పెట్టకూడదని ఆవిడకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? కానీ ఇంతమందికి పెట్టి నాకు మానేయడానికి మనసొప్పలేదు. అటూ ఇటూ చూసింది. నా పక్కనే పళ్ళెంలో జెల్ ట్యూబు కనిపించింది. "దీనికి పెడితే దానికి పెట్టినట్టేలే," అని, ట్యూబు మూత మీద నిండుగా పసుపు అద్ది, మధ్యలో కుంకుమ పెట్టి, కళ్ళకద్దుకుంది. ఆ మూత సగమే బిగించి ఉంది. మిగతా సగంలోంచి అమ్మవారి పసుపు చల్లగా లోపలికి దిగింది.

నేను చూశాను. చూడడం తప్ప నేను చేసేదేముంది? ఆ సాయంత్రమే ఆవిడ పండక్కి బందరులో చెల్లెలింటికి వెళ్ళిపోయింది.

పండగ మర్నాడు మొదటి పేషెంటు ఆరోగ్యమ్మ. సత్తెనపల్లి అవతల పల్లెటూరు. చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరి కంట్లో నలుసు పడినా ఆవిడ దగ్గరికే వెళ్తారు. ఆవిడ నోరు పుక్కిలించి, రెప్ప పైకెత్తి, నాలుక కొసతో ఒక్కసారి తుడిస్తే నలుసు ఊడొస్తుంది. పైసా పుచ్చుకోదు. అది వాళ్ళ అత్త నేర్పిన విద్య. ఆవిడ తన కోడలు లూర్దుకు నేర్పుతోంది.

పత్తి తీతలో ఎండాకు పొడి ఆరోగ్యమ్మ కంట్లోనే పడింది. ఊరందరి కళ్ళూ తుడిచిన నాలుక సొంత కంటికి అందదు కదా. "నువ్వు తియ్యవే" అని కోడల్ని పిలిచింది. లూర్దు భయపడుతూనే తీసింది. నలుసు మొదటిసారే వచ్చేసింది. కానీ అది పోతూ పోతూ కంటి మీద చిన్న గీత గీసి పోయింది. గీత గరగరలాడుతుంటే నలుసు ఇంకా ఉన్నట్టే ఉంటుంది. ఆరోగ్యమ్మ మర్నాడు పొద్దున మళ్ళీ తియ్యమంది, ఆ మర్నాడూ తియ్యమంది. రోజూ మానబోయే గీతను కోడలి నాలుక రోజూ మళ్ళీ తెరిచింది. కన్ను చింతనిప్పయ్యాక కొడుకు ఇద్దరినీ బస్సెక్కించి పంపాడు.

"ఇదేంది, నా కంటికి ముద్దు పెట్టుద్దా?" అంది ఆరోగ్యమ్మ నన్ను చూసి.

"కదలొద్దమ్మా, మాట్లాడొద్దు," అన్నాడు ప్రణీత్.

"మాట్లాడకపోతే నేను బతికున్నట్టు నీకెట్టా తెలుసుద్దయ్యా?"

బాజీ నవ్వు ఆపుకుంటూ ఆవిడ తల వెనక చెయ్యి ఆనించాడు. జెల్ పిండారు. నేను ముందుకు జరిగాను.

తెర మీద గుండ్రంగా, తెల్లగా, తళతళ మెరుస్తూ ఒకటి కాదు రెండు కాదు, పిల్లలు గోళీలు పారబోసినట్టు కనిపించాయి. ప్రణీత్ కుర్చీలో ముందుకు వంగిపోయాడు. అతని గుండె చప్పుడు బల్ల గుండా నాకు వినిపించింది. మురికినీళ్ళలో ఉండే ఒక కంటికానని జీవి ఉంది. అది కార్నియాలో చేరితే ఇలాగే గుండ్రటి గూళ్ళు కట్టుకుని దాక్కుంటుంది, కన్నును తినేస్తుంది, మందుకు ఒక పట్టాన లొంగదు. ప్రణీత్ ఆ జబ్బును పుస్తకాల్లో తప్ప చూడలేదు.

అవి గూళ్ళు కావు. పసుపు రేణువులు. అవి ఉన్నది ఆరోగ్యమ్మ కంట్లో కాదు, నా మూతి మీది జెల్‌లో. నా మూతి సంగతి నాకు తెలియదా? వాటి వెనకాల, కొంచెం లోతులో, ఆవిడ కంటి గీత పచ్చిగా, అమాయకంగా ఉంది. కొన్నాళ్ళు వదిలేస్తే అదే మానిపోతుంది. ఆ సంగతి చెప్పడానికి నేను చేయగలిగిందంతా చేశాను. బొమ్మ వణికించాను. ప్రణీత్ బాజీ వైపు చూసి, "పేషెంటు కదులుతోంది, గట్టిగా పట్టుకో," అన్నాడు.

"కంట్లో మురికినీళ్ళు ఏమైనా పడ్డాయా?" అని అడిగాడు తర్వాత.

ఆరోగ్యమ్మ నోరు తెరిచేలోపే లూర్దు అంది. "నేను నాలికతో తీశా సార్. రోజూ తీశా."

ప్రణీత్ ముఖం మారింది. చెడ్డవాడు కాదు, కానీ మాట కప్పిపుచ్చడం ఇంకా నేర్చుకోలేదు. "అయితే అక్కడి నుంచే పట్టుకుని ఉంటుంది. ఇది మామూలు పుండు కాదమ్మా, పురుగు. ఆస్పత్రిలో ఉండాలి. మందు హైదరాబాదు నుంచి తెప్పించాలి, రేపు మధ్యాహ్నానికి వస్తుంది. గంటగంటకూ వెయ్యాలి, నెలల తరబడి. మంటగా ఉంటుంది. కన్ను దక్కితే మన అదృష్టం."

ఆ మందు గురించి నాకు బాజీ మాటల వల్ల తెలుసు. ఈతకొలనులు శుభ్రం చేసే మందుకు దగ్గర చుట్టం. నిజంగా పురుగున్న కంటికి అదే దిక్కు. పురుగు లేని కంట్లో, పచ్చి గీత మీద, నెలల తరబడి వేస్తే ఆ గీత మానదు సరికదా, ఉన్న చూపు మసకబారుతుంది.

ఆరోగ్యమ్మ చాలాసేపు మాట్లాడలేదు. అంతసేపు ఆవిడ నోరు మూసుకుని ఉండడం ఆస్పత్రిలో ఎవరూ ఊహించలేదు. లూర్దు గది మూలకు పోయి, చీరకొంగు నోట్లో కుక్కుకుంది. అత్త పిలిచినా దగ్గరికి రాలేదు. భోజనం పొట్లం తెస్తే ముట్టలేదు. మంచినీళ్ళు కూడా అత్త గ్లాసులో తాగలేదు. తన నోరు తనదే కానట్టు కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది. నాకు కన్నీళ్ళు రావు, లెన్సు మీద కాస్త ఆవిరి పడుతుందంతే. బాజీ ఏసీ ఎక్కువైందనుకుని తగ్గించాడు.

మర్నాడు పొద్దున హైమవతి గారు బందరు లడ్డూల డబ్బాతో దిగింది. ప్రణీత్ ఆవిడను కూర్చోనివ్వకుండానే ఫోటోలు చూపించాడు. కళ్ళజోడు సర్దుకుని చూసింది, నిట్టూర్చింది. "అవునయ్యా, అదే. పాపం," అంది. నా ఆశ అక్కడితో అయిపోయింది. నన్ను రోజూ తుడిచే మనిషికే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

ఆరోగ్యమ్మను కాపాడింది ప్రణీత్ పిరికితనం.

పదకొండయ్యేసరికి అతనికి కుడికన్ను దురద మొదలైంది. నిన్న పేషెంటు కంటికి అంత దగ్గరగా వంగి చూశాను కదా అనుకున్నాడు. నలిపాడు. ఎర్రబడింది. అద్దంలో చూసుకున్నాడు, ఇంకా నలిపాడు. ఇంక ఉండలేక నా ముందు కూర్చుని, "బాజీ, ఒక్కసారి నాది చూడు," అన్నాడు. కొత్త తొడుగు వేశారు. అదే ట్యూబులోంచి జెల్ పిండారు.

తెర మీద గోళీలు.

"సార్, మీకూ వచ్చినయ్యి," అన్నాడు బాజీ.

ప్రణీత్ కుర్చీ ఖాళీ చేశాడు. "నీది చూపించు," అన్నాడు. బాజీ కూర్చున్నాడు. అతనికీ ఉన్నాయి. బాజీ రెండు చెవులూ పట్టుకుని, "యా అల్లా, ఇంట్లో చిన్నపిల్లలున్నారు," అన్నాడు. అరుపులు విని నర్సమ్మ వచ్చింది, ఆవిడకూ ఉన్నాయి. ఆ పావుగంటలో ఆస్పత్రి మొత్తం కళ్ళు పోగొట్టుకుంది. నేను మాత్రం ఇంత ఆనందం ఎప్పుడూ పడలేదు. ఇంకా రండి, ఇంకా కూర్చోండి అని లోపల ఎగురుతున్నాను.

హైమవతి గారు వచ్చి, అందరి ముఖాలూ చూసి, తానే నా ముందు కూర్చుంది. గడ్డం ఆనించింది. "ఉన్నాయా?" అంది.

"ఉన్నాయి మేడం," అన్నాడు ప్రణీత్ ఏడుపు గొంతుతో.

"సరే. ఇప్పుడు నేను కన్ను ఎడమకు తిప్పుతాను. తెర చూసి చెప్పు. ఏం కదులుతోంది?"

"కణాలు కదులుతున్నాయి మేడం."

"పురుగులు?"

ప్రణీత్ తెరకు ముక్కు ఆనేంతగా వంగాడు. "కదలడం లేదు. అక్కడే ఉన్నాయి."

"నా కంట్లో ఉన్నవైతే నా కంటితో రావాలి కదయ్యా. అవి నాతో రావట్లేదు. అంటే అవి ఈ మిషనుతో ఉన్నాయి." ఆవిడ తల వెనక్కి తీసి, ట్యూబు అందుకుని, తెల్లటి గాజుగుడ్డ మీద ఇంత పిండింది. జెల్ పారదర్శకంగా ఉండాలి. లేత పసుపు రంగులో ఉంది. ఆవిడ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. పూజగది వాసన వచ్చి ఉంటుంది. ఎవరి చెయ్యి ఎక్కడ పసుపు అద్దిందో ఆవిడకు గుర్తురావడం నేను కళ్ళారా చూశాను. మెడ నుంచి పైకి ఎర్రబడింది.

అప్పుడే కింద వార్డులో మందు సీసా వచ్చిందని ఎవరో అన్నారు. హైమవతి గారు గుడ్డముక్క చేత్తో పట్టుకుని మెట్లు దిగి పరిగెత్తింది. ఆవిడ పరిగెత్తడం ఆ భవనం అంతకుముందు చూడలేదు. తర్వాత జరిగింది బాజీ నా పక్కన నిలబడి కనపడినవాడికల్లా చెప్పగా విన్నాను. సీసా మూత తీసి ఉందట. నర్సు ఆరోగ్యమ్మ రెప్ప ఎత్తి పట్టుకుని ఉందట. హైమవతి గారు ఆ చెయ్యి పట్టి ఆపి, రొప్పుతూ, ముందు అత్త వైపు కాదు, మూలనున్న కోడలి వైపు తిరిగిందట.

"అమ్మాయ్, నీ తప్పేం లేదు. నీ నాలుకలో పురుగు లేదు. తప్పు నాది. మిషను మూతికి రాసే జెల్‌లో పూజ పసుపు కలిసింది, నేనే కలిపాను."

లూర్దు కొంగు నోట్లోంచి తీసి, అప్పుడు ఏడ్చిందట, పెద్దగా, సిగ్గుపడకుండా.

ఆరోగ్యమ్మకు నోరు తిరిగొచ్చింది. "మేం నలుసు తీసేముందు నోరు పుక్కిలిస్తాం డాక్టరమ్మా. మీ గొట్టం నోరు మీరు కడుక్కోవద్దా?"

"కడుక్కోవాలి. కడుక్కోలేదు," అంది హైమవతి గారు. "కానీ నువ్వూ విను. నలుసు మొదటిరోజే పోయింది. ఆ తర్వాత కన్ను పుండయింది నీ మొండితనం వల్ల. ఎంత పుక్కిలించినా నాలుక నాలుకే, అది కంట్లో పెట్టే వస్తువు కాదు."

ఆరోగ్యమ్మ బదులు చెప్పడానికి సిద్ధమవుతుండగా లూర్దు కళ్ళు తుడుచుకుని అందట. "అత్తా, ఇంక నేను ఎవరి కన్నూ నాకను. నీది కూడా." అత్తకు కోడలు ఎదురు చెప్పడం అదే మొదలు. ఆరోగ్యమ్మ భోజనం పొట్లం కోడలి ముందుకు జరిపి, "సరేలేవే, ముందు అన్నం తిను," అందట.

ఆవిడ కన్నును శుభ్రంగా కడిగి, మామూలు చుక్కలు వేసి, ఎవరూ తాకకూడదని చెప్పి ఊరుకున్నారు. వారం తర్వాత వచ్చినప్పుడు కొత్త జెల్‌తో నన్ను మళ్ళీ ఆనించారు. గీత లేదు. పక్కనున్న కణాలు జరిగి జరిగి వచ్చి, దాని మీద ఒకదాన్నొకటి పట్టుకుని పరుచుకున్నాయి. ఎవరూ చెప్పకుండా, ఎవరూ నాకకుండా. నేను వేల కళ్ళు చూశాను, ఆ రోజు మాత్రం ఆ చోటి నుంచి కదలబుద్ధి కాలేదు. "ఇంక చాల్లే, వదలమను నీ మిషన్ని," అని ఆరోగ్యమ్మే అంది.

తర్వాత తర్వాత లూర్దు అత్త కళ్ళజోడు కోసం వచ్చినప్పుడు కబుర్లు తెలిసేవి. నలుసు పడితే జనం ఇప్పుడు లూర్దు దగ్గరికే వస్తున్నారట. కాచి చల్లార్చిన నీళ్ళు చెంబుతో పోసి కడుగుతుందట. "నీళ్ళు పోయడం కూడా ఒక విద్యేనా," అని ఆరోగ్యమ్మ అరుగు మీద కూర్చుని సణుగుతుందట. కానీ వచ్చినవాళ్ళను వరసలో కూర్చోబెట్టేది ఆవిడేనట. ప్రణీత్ ఆ కేసు గురించి ఎక్కడా రాయలేదు. పెద్ద డాక్టరయ్యాడు. ఇప్పటికీ ఏది చూసినా ముందు కన్ను ఎడమకు తిప్పమంటాడు.

నా సంగతా? ఆ తర్వాత ప్రతి దసరాకూ నా బల్ల కాలికి, అదీ వెనక కాలికి, గోడ వైపు, బొట్టు పెట్టేవారు. హైమవతి గారు దగ్గరుండి చూసేది. చుట్టూ అందరూ ముఖాలు వెలిగిపోతూ ఉంటే, పెళ్ళికి పిలిచి వంటింటి వెనక కూర్చోబెట్టినట్టు నేను ఉండేవాణ్ణి. రోషం వచ్చేది. ఎవరి మంచికో తెలుసు కనుక దిగమింగేవాణ్ణి.

ఏళ్ళు గడిచాయి. నా తెర మీద గీతలు పడ్డాయి, నా విడిభాగాలు దొరకడం మానేశాయి. కొత్త మిషను వచ్చింది. సన్నగా, తెల్లగా ఉంటుంది, దానికి తెలియనిది లేదంటారు. నన్ను మెట్ల పక్కన అద్దాల బీరువాలో పెట్టారు. పక్కన ఒక చీటీ అంటించారు, దాన్ని చదివేవాళ్ళెవరూ లేరు.

మొన్న దసరాకు హైమవతి గారు వచ్చింది. జుట్టు పూర్తిగా నెరిసింది, ఆపరేషన్లు మానేసింది, ఆస్పత్రి ప్రణీత్‌కు అప్పగించింది. పసుపు గిన్నెతో అన్ని గదులూ తిరిగి, చివరికి బీరువా దగ్గర ఆగింది. బాజీ అలవాటుగా వంగి నా వెనక కాలు చూపించాడు. "ఉండు," అంది. తలుపు తీసింది. నా లెన్సు మూత తీసింది. అంత కాలం ఈగను వాలనివ్వని ఆ చేత్తో, బొటనవేలితో నిండుగా పసుపు రాసి, నడిమధ్యన కుంకుమ పెట్టింది. "ఇప్పుడు నీకు పెడితే ఎవరి కన్నూ పోదు," అంది.

ఇప్పుడు నాకు ఏమీ కనపడదు. ఎటు చూసినా గుండ్రటి పసుపు గోళీలే, ప్రణీత్ చూస్తే మళ్ళీ బెంబేలెత్తిపోయేటన్ని. లూర్దు ఎప్పుడైనా అటు వచ్చి, అయ్యో కంట్లో ఇంత నలుసా అని చెంబు అందుకుంటే మీరెవరైనా కాస్త ఆపండి. ఇది మాత్రం నా కంట్లో ఉండనివ్వమని చెప్పండి.